జాంగోలో క్యాష్ పెట్టడం, అది నిజంగా పనిచేస్తోందో లేదో తేల్చుకోవడం

జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో సొంతంగా సైట్లు నడుపుతున్నవాళ్ల దగ్గర నుంచి క్యాష్ (ఒకసారి తయారైనదాన్ని దాచి మళ్లీ వాడుకోవడం) గురించి ఎప్పుడూ రెండే ప్రశ్నలు. "క్యాష్ పెట్టాను, అయినా పేజీ నెమ్మదిగానే వస్తోంది, ఎందుకు?" అనేది ఒకటి. "అడ్మిన్‌లో హెడ్‌లైన్ మార్చాను, సైట్‌లో పాతదే కనిపిస్తోంది, ఏం చేయాలి?" అనేది రెండోది. రెండింటికీ మూలం ఒక్కటే: సెట్టింగ్స్‌లో నాలుగు లైన్లు రాసి, ఎర్రర్ రాలేదు కదా, పని అయిపోయిందనుకోవడం. క్యాష్ అసలు పనిచేయకపోయినా ఎర్రర్ రాదు, తప్పుగా పనిచేసినా రాదు. అందుకే ఇక్కడ అమర్చడం కంటే పరీక్షించడానికే ఎక్కువ చోటిచ్చాను.

ఉదాహరణకు ఒక చిన్న వార్తల సైట్ అనుకుందాం. హోమ్ పేజీ, జిల్లా పేజీలు, వ్యాసం పేజీ ఉంటాయి. లాగిన్ అయినవాళ్ల పేరు పైన కనిపిస్తుంది. తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల్లోనూ చదవొచ్చు. క్యాష్‌తో వచ్చే చిక్కులన్నీ చూపించడానికి ఇది చాలు.

కావలసినవి

- జాంగో 4.0 లేదా ఆ తర్వాతి వెర్షన్. 2021 డిసెంబరులో వచ్చిన 4.0తోనే రెడిస్ (విలువలను మెమరీలో దాచే సర్వర్) బ్యాకెండ్, అంటే దానితో మాట్లాడే భాగం, జాంగోలో చేరింది. అంతకు ముందు వెర్షన్ అయితే జాంగో-రెడిస్ అనే విడి ప్యాకేజీ వాడాలి.
- రెడిస్ సర్వర్. విండోస్ మీద పనిచేస్తుంటే డబ్ల్యూఎస్ఎల్‌లోనో (విండోస్‌లో లినక్స్ నడిపేది) డాకర్‌లోనో పెట్టుకోండి. మీ లినక్స్‌లో రెడిస్ బదులు వాల్కీ వస్తే కంగారు పడకండి, అది రెడిస్ నుంచి విడిపోయిందే, ఈ పనికి సరిపోతుంది.
- పైథాన్ వైపు రెడిస్ ప్యాకేజీ. పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకోవాలి.
- జాంగో డీబగ్ టూల్‌బార్, టెర్మినల్ నుంచి పేజీలు తెప్పించే కర్ల్.

సెట్టింగుల పేర్లు కోడ్‌లో క్యాపిటల్ అక్షరాల్లో రాయాలి. డెకరేటర్ల (ఫంక్షన్ పైన @తో రాసేవి) పేర్లలో మాటల మధ్య అండర్‌స్కోర్ వస్తుంది.

1. ముందు క్వెరీలు లెక్కపెట్టండి

నెమ్మదిగా ఉన్న పేజీని డీబగ్ టూల్‌బార్‌తో తెరిచి, ఎన్ని డేటాబేస్ క్వెరీలు పడుతున్నాయో చూడండి. ఇరవై వార్తల జాబితాకు నలభై క్వెరీలు కనిపిస్తే మీకు కావలసింది క్యాష్ కాదు. ప్రతి వార్తకూ రచయిత పేరు కోసం, జిల్లా పేరు కోసం విడివిడిగా డేటాబేస్ దగ్గరకు వెళ్తున్నారు. సెలెక్ట్ రిలేటెడ్, ప్రీఫెచ్ రిలేటెడ్ (సంబంధిత డేటాను కలిపి తెచ్చేవి) వాడి ముందు దాన్ని సరిచేయండి. క్యాష్ పెడితే ఈ జబ్బు కనపడకుండా పోతుందే తప్ప తగ్గదు. గడువు తీరిన ప్రతిసారీ ఎవరో ఒక పాఠకుడికి ఆ నలభై క్వెరీల భారం పడుతూనే ఉంటుంది.

సరిచేశాక ఎన్ని క్వెరీలు, ఎన్ని మిల్లీసెకన్లు పడుతున్నాయో రాసి పెట్టుకోండి. తర్వాత పోల్చడానికి కావాలి.

2. బ్యాకెండ్ అమర్చండి

రెడిస్ సర్వర్‌ను స్టార్ట్ చేసి, రెడిస్-సీఎల్ఐలో (రెడిస్ కమాండ్ లైన్) పింగ్ అని కొట్టండి. పాంగ్ అని జవాబు రావాలి. రాకపోతే ఇక్కడే ఆగి దాని సంగతి చూడండి.

సెట్టింగ్స్ ఫైల్‌లో క్యాషెస్ అనే డిక్షనరీ, అందులో డిఫాల్ట్ అనే పేరు, దాని కింద ఇవి ఇవ్వాలి:

- బ్యాకెండ్: జాంగో డాట్ కోర్ డాట్ క్యాష్ డాట్ బ్యాకెండ్స్ డాట్ రెడిస్ డాట్ రెడిస్‌క్యాష్.
- లొకేషన్: రెడిస్, కోలన్, రెండు స్లాష్‌లు, 127.0.0.1, కోలన్, 6379, స్లాష్, 1. చివరి 1 డేటాబేస్ నంబరు. మామూలుగా రెడిస్‌లో 0 నుంచి 15 వరకు ఉంటాయి.
- కీ ప్రిఫిక్స్: దాచిన ప్రతి విలువకూ ఉండే పేరు (కీ) ముందు చేరేది, మీ ప్రాజెక్టు పేరు ఇవ్వండి. ఒకే రెడిస్‌ను రెండు ప్రాజెక్టులు వాడుతుంటే ఇది తప్పనిసరి.
- టైమౌట్: సెకన్లలో. మీరేమీ ఇవ్వకపోతే 300, అంటే ఐదు నిమిషాలు. నన్ (పైథాన్‌లో None, అంటే ఏమీ లేదని) ఇస్తే ఎప్పటికీ గడువు తీరదు. సున్నా ఇస్తే అసలు దాచుకోదు.

క్యాష్ డేటాబేస్ నంబరును సెలరీ (వెనకాల చేయాల్సిన పనులను క్యూలో పెట్టి నడిపేది) లాంటి వేరే వాటికి వాడకండి. జాంగోలో క్యాష్ డాట్ క్లియర్ అని పిలిస్తే రెడిస్ బ్యాకెండ్ ఆ నంబరు డేటాబేస్ మొత్తాన్ని తుడిచేస్తుంది. కీ ప్రిఫిక్స్‌ను పట్టించుకోదు. క్యూలో నిలబడ్డ మెయిళ్లన్నీ క్యాష్‌తో పాటు పోతాయి.

రెడిస్ వద్దనుకుంటే మెమ్‌క్యాష్డ్ ఉంది, అదీ మంచిదే. కాకపోతే ఒక్కో విలువ 1 ఎంబీ దాటితే అది మామూలు సెట్టింగులతో తీసుకోదు. చిన్న సైట్‌కు, షేర్డ్ హోస్టింగ్‌లో వేరే సర్వర్ పెట్టే వీలు లేనప్పుడు, డేటాబేస్ క్యాష్ వాడుకోవచ్చు. ముందు క్రియేట్‌క్యాష్‌టేబుల్ కమాండ్ నడపాలి. లోకల్ మెమరీ క్యాష్ గురించి మాత్రం కింది మెట్టు చదివాకే నిర్ణయించుకోండి.

3. రెండు టెర్మినళ్ల పరీక్ష

ఒక టెర్మినల్‌లో మేనేజ్ డాట్ పై షెల్ తెరిచి, ఏదైనా ఒక కీకి ఒక విలువను 60 సెకన్ల గడువుతో సెట్ చేయండి. అదే షెల్‌లో గెట్ చేస్తే వస్తుంది. ఇక్కడితో ఆగిపోకండి. రెండో టెర్మినల్‌లో ఇంకో షెల్ తెరిచి అదే కీని గెట్ చేయండి.

అక్కడ నన్ వచ్చిందంటే మీరు ఇంకా లోకల్ మెమరీ క్యాష్ మీదే ఉన్నారు. క్యాషెస్ సెట్టింగ్ రాయకపోతే జాంగో దాన్నే వాడుతుంది. అది ఒక్కో ప్రాసెస్‌కు ఒక్కోటి. గునికార్న్ (జాంగోను నడిపే సర్వర్) నాలుగు వర్కర్లతో, అంటే నాలుగు ప్రాసెస్‌లతో, నడుస్తుంటే నాలుగు వేర్వేరు క్యాష్‌లు ఉన్నట్టు. ఒకదాంట్లో తీసేసిన హెడ్‌లైన్ మిగతా మూడింట్లో బతికే ఉంటుంది. "రిఫ్రెష్ కొట్టినప్పుడల్లా ఒకసారి పాతది, ఒకసారి కొత్తది వస్తోంది" అంటే దాదాపు ఎప్పుడూ ఇదే కారణం.

ఇప్పుడు రెడిస్-సీఎల్ఐలోకి వెళ్లండి. మైనస్ ఎన్ 1 అని డేటాబేస్ నంబరు ఇవ్వడం మరిచిపోతే 0లో వెతుకుతూ కూర్చుంటారు. జాంగో కీని మీరిచ్చిన పేరుతోనే దాచదు. ముందు ప్రిఫిక్స్, కోలన్, వెర్షన్ నంబరు, కోలన్, ఆ తర్వాతే మీ పేరు. ఆ పూర్తి పేరుతో టీటీఎల్ కమాండ్ ఇస్తే ఇంకా ఎన్ని సెకన్లు మిగిలాయో చెబుతుంది. మైనస్ 1 వస్తే గడువే లేదని, మైనస్ 2 వస్తే ఆ కీయే లేదని అర్థం.

కీలలో తెలుగు అక్షరాలు ఉంటే సీఎల్ఐలో గజిబిజి కోడ్‌లు కనిపిస్తాయి. మైనస్ మైనస్ రా అనే ఆప్షన్‌తో తెరిస్తే తెలుగులోనే చూపిస్తుంది. అసలు కీలలో వార్త శీర్షిక పెట్టకపోవడమే మేలు, ఐడీ నంబరు పెట్టండి. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు, వత్తులూ గుణింతాలూ విడిగా లెక్క. మెమ్‌క్యాష్డ్‌లో కీ పరిమితి 250 బైట్లు. పొడుగాటి హెడ్‌లైన్ ఇట్టే దాటేస్తుంది.

4. ఎంత ముక్కను దాచాలో నిర్ణయించండి

సైట్ మొత్తాన్ని మిడిల్‌వేర్‌తో (ప్రతి రిక్వెస్టూ దాటి వెళ్లే కోడ్) క్యాష్ చేసే దారి కూడా ఉంది. నేను సిఫారసు చేయను. లాగిన్ ఉన్న ఏ సైట్‌కైనా అది తలనొప్పే. మిగిలిన మూడు దారులు ఇవి.

*పూర్తి పేజీ.* వ్యూ (పేజీని తయారుచేసే ఫంక్షన్) మీద క్యాష్ పేజ్ డెకరేటర్ పెట్టి, బ్రాకెట్లలో సెకన్లు ఇవ్వడం. నిమిషాలనుకుని 15 అని రాసేవాళ్లు చాలామంది. పావుగంట కావాలంటే 60ని 15తో గుణించి రాయండి. గెట్, హెడ్ రిక్వెస్టులకే ఇది పనిచేస్తుంది.

ఇది అందరికీ ఒకేలా కనిపించే పేజీలకు మాత్రమే. అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు ఇక్కడే జరుగుతుంది. పేజీ పైన "నమస్తే, ఫలానా" అని లాగిన్ పేరు ఉందనుకోండి. కుకీని బట్టి పేజీ మారుతుందన్న వేరీ హెడర్‌ను సెషన్ మిడిల్‌వేర్ చేరుస్తుంది. కానీ అది చేరేలోపే ఈ డెకరేటర్ పేజీని దాచేసుకుంటుంది. ఫలితం: మొదట వచ్చినవాళ్ల పేరు తర్వాత వచ్చిన అందరికీ కనిపిస్తుంది. పేరైతే ఇబ్బంది, ఆర్డర్ల చరిత్రో ఫోన్ నంబరో అయితే పెద్ద గొడవ.

దీనికి రెండు మార్గాలు. క్యాష్ పేజ్ కింద వేరీ ఆన్ కుకీ డెకరేటర్ పెట్టొచ్చు, అప్పుడు ఒక్కో కుకీకి ఒక్కో కాపీ తయారవుతుంది. కాకపోతే అనలిటిక్స్ కుకీలు కూడా ఉంటే ప్రతి పాఠకుడికీ విడి కాపీ తయారై, క్యాష్ ఉన్నా లేనట్టే. రెండో మార్గం నాకు నచ్చినది: పేజీ మొత్తం వదిలేసి, అందులో బరువైన భాగాన్ని మాత్రమే దాచడం.

డెకరేటర్ల వరుస కూడా చూసుకోండి. లాగిన్ రిక్వైర్డ్ పైన, క్యాష్ పేజ్ దాని కింద ఉండాలి. తిరగేస్తే, లాగిన్ అయినవాళ్లు చూసిన పేజీ లాగిన్ కానివాళ్లకూ అందుతుంది. పేజీలో సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (వేరే సైట్ నుంచి దొంగ రిక్వెస్టులు రాకుండా ఆపే రహస్య కోడ్) ఉన్న ఫారం ఉంటే క్యాష్ పేజ్ కింద సీఎస్ఆర్ఎఫ్ ప్రొటెక్ట్ డెకరేటర్ పెట్టాలి.

ఇంకొకటి. పూర్తి పేజీ క్యాష్ యూఆర్ఎల్ మొత్తాన్ని, ప్రశ్నార్థకం తర్వాతి భాగంతో సహా, చూసి కీ తయారుచేస్తుంది. ఫేస్‌బుక్‌లో షేర్ అయిన లింకు చివర ఎఫ్‌బీక్లిడ్ అనే పొడుగు తోక చేరుతుంది కదా, ఆ తోక మారిన ప్రతిసారీ జాంగోకు అది కొత్త పేజీయే. వార్త వైరల్ అయిన రోజే క్యాష్ పనిచేయకుండా పోతుంది. ఆ తోకను ఎంజిన్‌ఎక్స్ (జాంగో ముందుండే వెబ్ సర్వర్) దగ్గరే కత్తిరించండి, లేదా కింద చెప్పే మూడో దారిలో వెళ్లండి.

*టెంప్లేట్‌లో ఒక ముక్క.* టెంప్లేట్‌లో క్యాష్ ట్యాగ్ లోడ్ చేసి, సెకన్లు, ముక్క పేరు, ఆ ముక్క దేన్నిబట్టి మారుతుందో ఆ విలువలు వరుసగా ఇవ్వాలి. రెండు భాషల సైట్‌వాళ్లు ఇక్కడ పప్పులో కాలేస్తారు. పూర్తి పేజీ క్యాష్, అనువాదాల సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, భాషను తనంతట తానే కీలో కలుపుతుంది. ముక్క క్యాష్ కలపదు. లాంగ్వేజ్ కోడ్ మీరే ఇవ్వాలి. ఇవ్వకపోతే తెలుగు పేజీ పక్కన ఇంగ్లిష్ సైడ్‌బార్ తగులుకుంటుంది.

ఈ దారిలో హెచ్‌టీఎంఎల్ ఒక్కటే దాగుతుంది. వ్యూలో క్వెరీసెట్‌ను (అవసరమైనప్పుడే డేటాబేస్‌కు వెళ్లే క్వెరీ) లిస్టుగా మార్చేస్తే క్వెరీ అక్కడే పడిపోతుంది, టెంప్లేట్‌లో ఎంత దాచినా లాభం లేదు. క్వెరీసెట్‌ను అలాగే పంపండి, ముక్క దొరికితే దాన్ని ఎవరూ ముట్టుకోరు.

*విలువను నేరుగా దాచడం.* "జిల్లాలో ఎక్కువమంది చదివిన పది వార్తలు" లాంటి లెక్కకు ఇదే సరైనది. గెట్ ఆర్ సెట్ అనే ఫంక్షన్‌కు కీ, లెక్కకట్టే ఫంక్షన్, గడువు ఇవ్వాలి. ఫంక్షన్ పేరు మాత్రమే ఇవ్వండి, పక్కన బ్రాకెట్లు పెట్టకండి. బ్రాకెట్లు పెడితే క్యాష్‌ను చూడకముందే ఆ లెక్క పూర్తవుతుంది, ప్రతి రిక్వెస్టుకూ. "క్యాష్ పెట్టినా నెమ్మదే" అనే మొదటి ప్రశ్నకు నేను చూసిన జవాబుల్లో ఎక్కువసార్లు తగిలేది ఇదే.

గెట్, సెట్ విడిగా రాసుకుంటే, దొరికిందా లేదా అనేది "ఇఫ్ నాట్"తో చూడకండి. ఆ జిల్లాలో ఈరోజు వార్తలే లేకపోతే ఖాళీ జాబితా దాగి ఉంటుంది. "ఇఫ్ నాట్" దాన్ని లేనట్టుగా లెక్కేసి ప్రతిసారీ డేటాబేస్‌కు వెళ్తుంది. ఇజ్ నన్ అని అడగండి.

5. పాతది పోయే దారి ముందే రాసుకోండి

రెండో ప్రశ్న ఇక్కడిది. గడువు తీరేదాకా ఆగగలిగితే ఆగండి, అంతకంటే సులువైన పద్ధతి లేదు. ఎక్కువగా చదివినవి ఐదు నిమిషాలు పాతగా ఉంటే ఎవరికీ నష్టం లేదు. తప్పు హెడ్‌లైన్ సరిచేసినప్పుడు మాత్రం వెంటనే మారాలి.

మోడల్ సేవ్ అయినప్పుడు పోస్ట్ సేవ్ సిగ్నల్‌లో కీని డిలీట్ చేయడం అందరూ చేసే పని. రెండు జాగ్రత్తలు అవసరం. క్వెరీసెట్ మీద అప్‌డేట్ పిలిచినా, బల్క్ క్రియేట్ వాడినా ఆ సిగ్నల్ రాదు. అక్కడ మీరే డిలీట్ చేయాలి. రెండోది, ట్రాన్సాక్షన్ లోపల ఉండగానే కీని తీసేస్తే, కమిట్ అయ్యేలోపు ఇంకో రిక్వెస్ట్ వచ్చి పాత విలువనే మళ్లీ దాచేస్తుంది. డిలీట్‌ను ఆన్ కమిట్‌లో (కమిట్ అయ్యాకే నడిచేది) పెట్టండి.

క్యాష్ పేజ్‌తో దాచిన ఒక్క పేజీని పేరు పెట్టి తీసేయడానికి తిన్నని దారి లేదు, దాని కీ హ్యాష్‌గా మారిపోయి ఉంటుంది. పైగా ఆ డెకరేటర్ బ్రౌజర్‌కు కూడా "ఇంతసేపు దాచుకో" అని హెడర్ పంపుతుంది. సర్వర్‌లో క్యాష్ మొత్తం తుడిచినా పాఠకుడి ఫోన్‌లో పాత పేజీయే ఉండొచ్చు. తరచూ దిద్దే పేజీలకు ఆ డెకరేటర్ వాడకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

మోడల్ ఆబ్జెక్టులను నేరుగా దాచి ఉంటే, ఫీల్డులు మార్చి కొత్త కోడ్ పెట్టిన రోజున క్యాషెస్‌లో వెర్షన్ నంబరు ఒకటి పెంచండి. పాత ఆకారంలో దాగిన ఆబ్జెక్టులు కొత్త కోడ్‌కు తగలకుండా ఉంటాయి.

6. చేత్తో పరీక్షించండి

బ్రౌజర్‌ను నమ్మకండి, దానికి సొంత క్యాష్ ఉంది. కర్ల్ వాడండి.

1. మైనస్ ఐ ఆప్షన్‌తో పేజీ హెడర్లు తెప్పించండి. క్యాష్-కంట్రోల్‌లో మ్యాక్స్-ఏజ్ ఎంత ఉంది, వేరీలో కుకీ ఉందా చూడండి.
2. క్యాష్ ఖాళీ చేసి పేజీని రెండుసార్లు తెప్పించి, పట్టిన సమయాలను మొదటి మెట్టులో రాసుకున్నదానితో పోల్చండి.
3. ఇంకో టెర్మినల్‌లో రెడిస్-సీఎల్ఐ మానిటర్ నడుపుతూ పేజీ తెప్పించండి. మొదటిసారి గెట్, ఆ తర్వాత సెట్ కనిపించాలి. రెండోసారి గెట్‌లు మాత్రమే. రెండోసారి కూడా సెట్ వస్తే కీ ప్రతిసారీ మారిపోతోందని అర్థం. మానిటర్‌ను లైవ్ సర్వర్ మీద వదిలేయకండి, సర్వర్ వేగం పడిపోతుంది.
4. రెండు వేర్వేరు బ్రౌజర్లలో ఇద్దరు యూజర్లుగా లాగిన్ అయి, మూడో దాంట్లో లాగిన్ లేకుండా, ఒకే పేజీ తెరవండి. ఎవరి పేరు వాళ్లకే రావాలి. తర్వాత భాష మార్చి మళ్లీ చూడండి. ఈ ఒక్క పరీక్ష మాత్రం ఎంత తొందరలో ఉన్నా మానకండి.

7. టెస్టులు రాయండి

జాంగో టెస్టుల కోసం విడి డేటాబేస్ తయారుచేస్తుంది గానీ విడి క్యాష్ తయారుచేయదు. మీ సెట్టింగ్స్‌లో ఉన్న క్యాషే టెస్టుల్లోనూ వాడుతుంది. అక్కడ లైవ్ రెడిస్ చిరునామా ఉండి, సెటప్‌లో క్లియర్ ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. టెస్ట్ సెట్టింగ్స్‌లో లోకల్ మెమరీ క్యాష్ పెట్టండి. టెస్టులను సమాంతరంగా నడిపినా ఒకదాని క్యాష్ ఇంకోదానికి తగలదు. ప్రతి టెస్టు ముందు క్లియర్ చేయడం మాత్రం మానకండి, లేకపోతే విడిగా నడిపితే పాసై, అన్నీ కలిపితే ఫెయిలయ్యే టెస్టులతో టెన్షన్ పడతారు.

కనీసం మూడు టెస్టులు ఉండాలి.

- హిట్ (క్యాష్‌లో దొరకడం; దొరకకపోతే మిస్): పేజీని ఒకసారి తెప్పించి, రెండోసారి తెప్పించేటప్పుడు అసర్ట్‌నమ్‌క్వెరీస్‌తో సున్నా క్వెరీలని నిర్ధారించండి. లాగిన్ అయిన యూజర్‌తో అయితే సెషన్, యూజర్ క్వెరీలు ఉంటాయి కాబట్టి సున్నా రాదు, ఆ లెక్క వేసుకోండి.
- తాజాదనం: వార్తను దిద్ది సేవ్ చేసి, పేజీలో కొత్త హెడ్‌లైన్ ఉందో లేదో చూడండి. మామూలు టెస్ట్‌కేస్‌లో ట్రాన్సాక్షన్ ఎప్పుడూ కమిట్ కాదు, అందువల్ల ఆన్ కమిట్‌లో పెట్టింది నడవదు. క్యాప్చర్ ఆన్ కమిట్ కాల్‌బ్యాక్స్‌ను ఎగ్జిక్యూట్ ట్రూతో వాడితే నడుస్తుంది. ఇది తెలియక, సరిగా ఉన్న కోడ్‌ను పాడుచేసుకునేవాళ్లున్నారు.
- వేరుచేయడం: ఒక యూజర్‌తో తెప్పించాక ఇంకో యూజర్‌తో తెప్పించి, మొదటివాళ్ల పేరు అందులో లేదని చూడండి.

గడువు తీరడాన్ని పరీక్షించడానికి స్లీప్ పెట్టి కూర్చోవద్దు. లోకల్ మెమరీ క్యాష్ పైథాన్ గడియారాన్నే చూస్తుంది కాబట్టి ఫ్రీజ్‌గన్ లాంటి ప్యాకేజీతో సమయాన్ని ముందుకు జరపొచ్చు. రెడిస్ మీద ఈ చిట్కా పనిచేయదు, అక్కడ గడువు లెక్క సర్వర్‌ది.

8. లైవ్‌లో పెట్టే ముందు

రెడిస్‌కు మ్యాక్స్‌మెమరీ పరిమితి ఇవ్వండి. మామూలుగా పరిమితి ఉండదు, సర్వర్ ర్యామ్ అంతా తినేయగలదు. పరిమితి ఇచ్చి ఊరుకున్నా కష్టమే. నిండాక ఏం చేయాలో చెప్పే పాలసీ మొదట్లో నోఎవిక్షన్‌గా ఉంటుంది, అంటే కొత్తగా రాయబోతే ఎర్రర్ ఇస్తుంది. క్యాష్‌కు ఆల్‌కీస్-ఎల్ఆర్‌యూ పెట్టండి, చాలాకాలంగా ఎవరూ వాడని కీలను తీసేస్తూ పోతుంది. ఈ పాలసీ రెడిస్ మొత్తానికి వర్తిస్తుంది, డేటాబేస్ నంబరు వేరైనా సరే. సెలరీ క్యూ కూడా అందులోనే ఉంటే పనులు మాయమవుతాయి. వీలైతే క్యాష్ కోసం విడి రెడిస్ నడపండి.

అన్ని జిల్లా పేజీలకూ ఒకే గడువు ఇస్తే అన్నీ ఒకేసారి ఖాళీ అయి డేటాబేస్ మీద పడతాయి. గడువుకు కొన్ని యాదృచ్ఛిక సెకన్లు కలపండి.

ఆ తర్వాత రెడిస్‌ను కావాలని ఆపేసి సైట్ తెరవండి. జాంగో సొంత బ్యాకెండ్ ఈ పరిస్థితిని మింగేయదు, కనెక్షన్ ఎర్రర్ వచ్చి పేజీ 500 చూపిస్తుంది. అది మీకు సమ్మతమేనా, లేక నెమ్మదిగానైనా డేటాబేస్ నుంచి పేజీ రావాలా? రావాలంటే జాంగో-రెడిస్ ప్యాకేజీకి మారి ఇగ్నోర్ ఎక్సెప్షన్స్ ఆన్ చేయండి. ఆన్ చేశాక రెడిస్‌ను మళ్లీ ఆపి చూడండి. ఎర్రర్లను లాగ్ చేసే ఆప్షన్ కూడా ఆన్ చేయకపోతే, రెడిస్ పడిపోయి వారమైనా మీకు తెలియదు.

సైట్ ఒకరోజు నడిచాక రెడిస్-సీఎల్ఐలో ఇన్ఫో స్టాట్స్ చూడండి. కీస్పేస్ హిట్స్, కీస్పేస్ మిసెస్ అని రెండు అంకెలుంటాయి. మిస్సులు హిట్లను మించితే గడువు మరీ తక్కువైనా ఉండాలి, కీలు మరీ ఎక్కువ రకాలుగా చీలుతూ అయినా ఉండాలి. ముందు ఎఫ్‌బీక్లిడ్ తోకలు, అనలిటిక్స్ కుకీలు చూసి, ఆ తర్వాతే గడువు పెంచండి.